మా రోజుల్లో నీళ్ళ మీద నిలబడేవాళ్ళం

వేసవి వచ్చిందంటే మా మిషిగన్‌లో ఏ సరస్సు చూసినా తిరణాలే. పడవలు దింపే ర్యాంపు దగ్గర ఓ అరగంట నిలబడితే చాలు, లోకం ఎటు పోతోందో తెలిసిపోతుంది. ట్రక్కు వెనక ట్రైలరు, ట్రైలరు మీద ముగ్గురు పట్టే జెట్ స్కీ. మెత్తటి సీటు, నడుం వాల్చడానికి ఆనుడు, కప్పు పెట్టుకోవడానికి గుంట, ఫోను దాచుకోవడానికి నీళ్ళు దూరని పెట్టె, పాటలకి స్పీకర్లు. అది బండి కాదండీ, నీళ్ళ మీద వేసిన సోఫా. ఒక్క వేలితో మీట నొక్కితే అదే పోతుంది, ఇంకో మీట నొక్కితే అదే ఆగుతుంది, కావాలంటే వెనక్కీ వస్తుంది. సరస్సంతా చుట్టేసి దిగినా జుట్టు తడవదు.

పోయిన వేసవిలో నా పాత కవాసాకిని ర్యాంపు మీంచి నీళ్ళలోకి తోస్తుంటే మన తెలుగబ్బాయే ఒకడు వచ్చాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అడిగాడు.

"అంకుల్, దీనికి సీటేదండీ? ఊడిపోయిందా?"

"ఊడిపోలేదు బాబూ, అసలు పెట్టలేదు."

"మరి ఎలా కూర్చుంటారు?"

"కూర్చోం. నిలబడతాం."

అబ్బాయి నా నెరిసిన తల వంకా, ఆ బండి వంకా మార్చి మార్చి చూశాడు. "ఆంటీకి తెలుసాండీ?" అన్నాడు.

ఇదీ ఇవాళ్టి పరిస్థితి. జెట్ స్కీ పుట్టిందే నిలబడడానికి అంటే నమ్మేవాడు లేడు.

ఈ నిలబడే బండికి ఆద్యుడు క్లేటన్ జాకబ్సన్ అనే అమెరికన్. మట్టిలో మోటార్‌సైకిలు పందేలు ఆడినవాడు. కిందపడితే మోకాలిచిప్పలు పగలని చోట మోటార్‌సైకిలు నడిపితే ఎలా ఉంటుందన్న పిచ్చి ఆయనకి 1960లలో పట్టుకుంది. ముందు కెనడాలోని బొంబార్డియర్ కంపెనీ ఆయన్ని పిలిచి, 1968లో సీ-డూ అనే కూర్చునే బండి వదిలింది. అది కాస్త కాలానికే మూలపడింది. ఆ తర్వాత కవాసాకి వాళ్ళు 1973లో ఆయన మొదట్నుంచీ కోరుకున్న నిలబడే బండిని, 400 సీసీ రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజనుతో బజారుకి తెచ్చారు. 1975 నుంచి దాన్ని నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో తయారు చేశారు. చుట్టుపక్కల ఎక్కడా సముద్రం జాడ లేని ఊరు, మొక్కజొన్న చేల మధ్య ఫ్యాక్టరీ. అమెరికా నీళ్ళని కలియబెట్టిన బండి అక్కణ్ణుంచి వచ్చింది.

1977లో జేఎస్ 440 వచ్చింది. ఇంజను 436 సీసీ. 1992 వరకూ, అంటే పదిహేనేళ్ళ పాటు, కాస్త అటూ ఇటూగా అదే బండిని అమ్మారు. ఒక ఏడాది బండికి కొన్న సామాను మరో ఏడాది బండికి చాలావరకు పట్టేది. ఇప్పుడు రెండేళ్ళ కిందటి ఫోనుకి ఛార్జరు పట్టడం లేదు.

ఇక 1987లో యమహా వాళ్ళు వేవ్‌రన్నర్ అని ఇద్దరు కూర్చునే బండి తెచ్చారు. మరుసటేడు సీ-డూ మళ్ళీ ఊపిరి పోసుకుని వచ్చింది. అదిగో, అప్పుడు కూర్చున్నారు జనం. ఇప్పటిదాకా లేవలేదు.

మేం డెట్రాయిట్ చేరింది ఆ ఎనభైల్లోనే. మెకానికల్ చదివిన తెలుగువాళ్ళం, కార్ల కంపెనీల్లో డ్రాయింగు బల్లల ముందు ఉద్యోగాలు. అప్పట్లో పదిమంది తెలుగువాళ్ళు ఒకచోట చేరితే రెండే కబుర్లు: గ్రీన్ కార్డు, ఊళ్ళో స్థలం. నేను చేతులు మారిన 440 ఒకటి కొన్నానని తెలిసి మా బావ ఫోను చేశాడు. అప్పుడు ఇంటికి ఫోనంటే నిమిషానికి ఇంత అని లెక్క. అయినా ఖర్చుకి వెరవకుండా తిట్టాడు. "ఒరేయ్, ఆ డబ్బుతో బెజవాడలో స్థలం వచ్చేది కదరా!" ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా ఆ స్థలం ధర ఎంతకి చేరిందో నాకు తాజా సమాచారం ఇస్తూనే ఉంటాడు. ఇవ్వనీ. ఆ స్థలం మీద నిలబడి సెయింట్ క్లెయిర్ సరస్సు దాటగలడా?

నిలబడడం అని ఊరికే అనేస్తున్నాను గానీ, అది ఒక విద్య. నడుం లోతు నీళ్ళలో బండిని పట్టుకోవాలి. వెనకనున్న తొట్టిలోకి బోర్లా పడుకున్నట్టు ఎక్కి, హ్యాండిలు పట్టుకుని థ్రాటిల్ నొక్కాలి. బండి మనల్ని పొట్ట మీద ఈడ్చుకుపోతుంది. వేగం కాస్త అందుకున్నాక మోకాళ్ళు లోపలికి లాక్కోవాలి. ముందువైపు మడతబందు మీద లేచే ఆ హ్యాండిలు కడ్డీ మనతో పాటే పైకి లేస్తుంది. అప్పుడొక పాదం, తర్వాత రెండోది. ఇవన్నీ సరిగ్గా జరిగితే నిలబడతాం. ఎక్కడ తడబడినా మునుగుతాం. ఆగి ఉన్న 440 మీద మనిషి నిలబడలేడు, అది పక్కకి ఒరిగిపోతుంది. వేగం ఉంటేనే దానికి నిలకడ. కృష్ణా కాలవల్లో ఈదుతూ పెరిగిన ఒళ్ళయినా సరే, మొదటి రోజుల్లో సాయంత్రానికి భుజాలూ తొడలూ పచ్చి పుండే. బండి మనకి లొంగిందన్న రోజున వచ్చే గర్వం ముందు ఆ నొప్పెంత?

పడితే ఏమయ్యేదంటారా? ఇప్పుడు మణికట్టుకో లైఫ్ జాకెట్టుకో కట్టుకున్న తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. మంచి ఏర్పాటే. మా పాత బండికి ఆ తాడు లేదు. మనిషి పడగానే ఇంజను నెమ్మదించి, బండి తనంతట తాను గుండ్రంగా తిరుగుతూ మన దగ్గరికే వచ్చేలా చేశారు. నీళ్ళలో తేలుతూ దానికోసం ఎదురుచూడాలి. వచ్చినప్పుడు ఒడుపుగా పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే ఇంకో చుట్టు తిరిగి వస్తుంది. అంత ఓపిక ఇప్పటి బండికి లేదు, మనిషికీ లేదు.

ఇంకో సంగతి. జెట్ బండికి చుక్కాని ఉండదు. అడుగున జల్లెడలోంచి నీళ్ళు లోపలికి లాగి, లోపల తిరిగే ఇంపెల్లరు వాటిని వెనక గొట్టంలోంచి చిమ్ముతుంది. ఆ గొట్టం ఎటు తిరిగితే బండి అటు. అంటే నీళ్ళు చిమ్మినంత సేపే మలుపు. ఎదురుగా ఏదో వచ్చిందని భయపడి థ్రాటిల్ వదిలేశారా, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగా దాని మీదికే పోతుంది. కాబట్టి భయం వేసినప్పుడు చెయ్యి వదలకూడదు, ఇంకాస్త నొక్కి మలుపు తిప్పాలి. ఈ ఒక్క పాఠం ఒంటికి పట్టడానికే ఒక వేసవి పట్టేది. 2009లో సీ-డూ వాళ్ళు బండికి బ్రేకు పెట్టారు. ఎడమచేతి మీట నొక్కితే వెనక ఒక తొట్టిలాంటిది దిగి నీటి ధారని ముందుకి మళ్ళిస్తుంది. దానివల్ల ఎందరి ఎముకలో మిగిలి ఉంటాయి, కాదనను. కానీ బ్రేకు ఉంది కదా అని, ఇంకొకడి మొహాన నీళ్ళు కొట్టడానికే దూసుకొచ్చి ఆగేవాళ్ళని చూస్తే మాత్రం నా చెయ్యి ఊరుకోదు.

శక్తి సంగతి చెప్పాలంటే నవ్వొస్తుంది. మా 440 గంటకి 35 మైళ్ళు దాటితే ఊళ్ళో చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు 300 హార్స్‌పవర్ దాటిన బళ్ళు వస్తున్నాయి. దాదాపు 1500 సీసీ ఇంజను, దానికి సూపర్‌చార్జరు. మనూళ్ళో కుటుంబాలకి కుటుంబాలని తిరుపతి మోసిన మారుతి 800కి ఉన్నది 796 సీసీ! ఇంత ఇంజను పెట్టి, మళ్ళీ కంపెనీలే గంటకి 65–70 మైళ్ళ దగ్గర కంప్యూటరుతో ముక్కుతాడు వేస్తాయి. ధర 20,000 డాలర్లకి అటూ ఇటూ. అంత డబ్బు పోసి ముక్కుతాడు కొనుక్కోవడం ఏ చదువో నాకు తెలీదు. నిలబడే బళ్ళు పూర్తిగా పోలేదనుకోండి, 2017లో కవాసాకి కొత్త ఎస్‌ఎక్స్-ఆర్ తెచ్చింది. ఫోర్-స్ట్రోక్, 1500 సీసీ, బరువు 250 కిలోలు. మా 440 బరువు దాదాపు 110 కిలోలు. ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని ట్రక్కులో పడేసేవాళ్ళం.

ఇక గ్యారేజీ సంగతికొద్దాం. ఉద్యోగం నుంచి దిగిపోయాక పాత 440 ఒకటి మళ్ళీ చేతికి దొరికింది. ఏ రైతుదో కొట్టాంలో ఏళ్ళ తరబడి బూజు పట్టి పడుంది. ఇంజను బిగుసుకుపోలేదు. రెండు సిలిండర్ల కంప్రెషనూ చూస్తే పది శాతం లోపు తేడా. టూ-స్ట్రోక్ ఇంజనుకి అంతకంటే జాతకం అక్కర్లేదు. తీసుకొచ్చేశాను. మా ఆవిడ గ్యారేజీ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, మీకు మోకాళ్ళ నొప్పులు కదా, నిలబడే బండెందుకండీ?" అంది. కూర్చునే బండి తెస్తే మోకాళ్ళు ఇంకా తుప్పు పడతాయని చెప్పాను.

పెంకు చూస్తే తెల్లగా బాగానే ఉంది గానీ బరువు అనుమానంగా ఉంది. లోపల తేలడానికి పెట్టిన నురగ ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చుకుని కూర్చుంది. గోకి గోకి తీస్తే బకెట్లకి బకెట్లు వచ్చింది. పగుళ్ళకి ఎపాక్సీయే వాడాలి. ఆ పెంకు రకానికి చవకగా దొరికే పాలియెస్టర్ రెజిన్ సరిగ్గా అతకదు, మొదటి పెద్ద అలకే లేచిపోతుంది. ఇది మాకు చెప్పిందెవరు? ఊరి చివర కొట్టు నడిపిన ముసలాయన. అప్పట్లో గాస్కెట్టు కొనడానికి వెళితే గంటసేపు పాఠం చెప్పి, ఆ తర్వాతే డబ్బు పుచ్చుకునేవాడు. ఇప్పుడు షోరూముకి వెళితే, "పదేళ్ళు దాటిన బండి మేం ముట్టుకోమండీ" అని కాఫీ ఇచ్చి పంపిస్తారు. కాఫీ ఎవడడిగాడు?

అసలు పని కార్బొరేటర్‌ది. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని విప్పాను. పెట్రోలు పంపు దాన్లోనే ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు. పిస్టన్లు ఆడుతుంటే క్రాంక్‌కేసులో గాలి లోపలికీ బయటికీ తోసుకుంటుంది, సన్నటి గొట్టంలోంచి వచ్చే ఆ ఒత్తిడికే ఒక పల్చటి రబ్బరు పొర కొట్టుకుని పెట్రోలు లాగుతుంది. ఆ పొర బిర్రబిగుసుకుపోయింది, వేలితో నొక్కితే చిట్లింది. లోపలి వడపోత జాలీ మీద ఆకుపచ్చటి జిగురు. అప్పటి బళ్ళలో కొన్ని రకాల పెట్రోలు గొట్టాలు లోపల్నుంచే కరిగి ఇలా జిగురవుతాయి. ఈ దేశంలో ఇప్పుడు చాలా బంకుల్లో పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలుస్తుంది. అది గాల్లోని తేమని లాక్కుని అడుగున నీళ్ళు చేరుస్తుంది. పాత రబ్బరుకి ఇది ఇంకో శని.

కొత్త పొరలు వేసి, గొట్టాలు మార్చి, ట్యాంకులో పెట్రోలుకి ఆయిలు కలిపాను. యాభైకి ఒకటి, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. ఆ సీసా మూత తీయగానే వచ్చిన వాసన ఉంది చూశారూ, చిన్నప్పుడు మా ఊరి పెట్రోలు బంకులో రాజ్‌దూత్‌కీ లాంబ్రెట్టాకీ కొలిచి పోసిన టూటీ ఆయిలు వాసనే. మనవడు మాత్రం ముక్కు మూసుకున్నాడు.

కాసేపు నడిపి ఆపాక ప్లగ్గు విప్పి వాడి చేతిలో పెట్టాను.

"చదవరా."

"దీని మీద ఏమీ రాసి లేదు తాతా."

"రంగు చెప్పు."

"తెల్లగా ఉంది."

"అంటే పెట్రోలు చాలక ఇంజను ఎండిపోతోంది. ఇలాగే సరస్సు మీదికి తీసుకెళితే పిస్టన్ కరుగుతుంది. ఆ కార్బొరేటర్ మర పావుతిప్పు వదులు చెయ్యి."

మళ్ళీ నడిపాం, మళ్ళీ విప్పాం. ఈసారి కాఫీపొడి రంగు. వాడి మొహంలో వెలుగు చూడాలి! ఫోనులో తెలుసుకున్న సంగతికి అలాంటి వెలుగు రాదు.

ఇంట్లో గొట్టం పెట్టి ఇంజను కడిగేటప్పుడు ఇంకో నియమం ఉంది, దాన్నీ వాడికి బట్టీ పట్టించాను. ముందు ఇంజను, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత ఇంజను. ఈ బండిని చల్లబరిచేది దాని పంపు తోసే నీళ్ళే. ఇంజను తిరగకుండా నీళ్ళు వదిలితే అవి సైలెన్సరు దారిన వెనక్కి ఎక్కి సిలిండర్లలో చేరతాయి. చేరాయా, ఆ గంటలోనే ప్లగ్గులు విప్పి, నీళ్ళు బయటికి కొట్టించి, ఆయిలు పోసి, మళ్ళీ నడపాలి. రేపు చూద్దాంలే అని పడుకుంటే తెల్లారేసరికి క్రాంకు బేరింగులు తుప్పు మొదలుపెడతాయి. మా తరానికి బద్ధకం లేకపోవడానికి ఇలాంటి బళ్ళే కారణం.

మా రోజులన్నీ బంగారం, మీవన్నీ ఇత్తడి అని నేననను. టూ-స్ట్రోక్ చేసిన పాపం పాపమే. అది తాగిన పెట్రోలులో పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, కాలకుండానే నీళ్ళలోకి పోతుంది. కాలిఫోర్నియా, నెవాడాల మధ్యనున్న టాహో సరస్సులో 1999 జూన్ నుంచి కార్బొరేటర్ టూ-స్ట్రోకులని బయటికి పంపేశారంటే ఊరికే పంపలేదు. కేంద్ర పర్యావరణ సంస్థ 1996లో నిబంధనలు తెచ్చి బిగించింది. 2002లో యమహా, సీ-డూ, హోండా కంపెనీలు ఫోర్-స్ట్రోక్ బళ్ళు తెచ్చాయి. కొత్తవి శుభ్రంగా కాలుస్తాయి, తక్కువ అరుస్తాయి. ఒప్పుకున్నాను. అందుకే నా 440ని అనుమతి ఉన్న నీళ్ళలోనే దింపుతాను, అదీ రోజంతా కాదు. కానీ సగం ట్యాంకు పెట్రోలుతో సాయంత్రం ముగించే నా బండిని చూసి ముక్కు చిట్లించేవాడు, వారాంతంలో ఎంత పెట్రోలు తగలేస్తున్నాడో ఒకసారి తన రసీదులు చూసుకోవాలి.

సరస్సు కూడా మారిపోయింది లెండి. సెయింట్ క్లెయిర్ సరస్సులో 1988లో జీబ్రా గుల్లలు బయటపడ్డాయి. ఓడల అడుగున నింపుకొచ్చే నీళ్ళతో యూరప్ వైపు నుంచి వచ్చాయి. అవి నీళ్ళని వడకట్టేసి అద్దంలా తేటగా చేశాయి. అందరూ బాగుందన్నారు. తేట నీళ్ళలో ఎండ అడుగు దాకా దిగింది. సగటున 11 అడుగుల లోతు సరస్సు, నాచూ తీగలూ ఏపుగా పెరిగాయి. ఇప్పుడు ఆ తీగలు జల్లెడలో ఇరుక్కుని ఇంపెల్లరుని చుట్టుకుంటాయి. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. అప్పుడు సోఫా మీది ఆసామి ఏం చేస్తాడు? ఫోను తీస్తాడు. ఇంజను ఆపి, నీళ్ళలోకి దిగి, చెయ్యి పెట్టి లాగెయ్యాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

చట్టానికి మాత్రం మా తరం మీద గౌరవం మిగిలి ఉంది. మిషిగన్‌లో 1978 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవాళ్ళు జెట్ స్కీ నడపాలంటే పడవల భద్రత పాఠం చదివి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. మాకు అక్కర్లేదు. మా అబ్బాయికి ఈ మాట చెప్పినప్పుడల్లా ఉడుక్కుంటాడు. పొద్దున్న 8 గంటలకి ముందు నడపకూడదన్న నియమం మాత్రం అందరికీ ఒకటే. తెల్లవారుజామున లేచే ముసలివాళ్ళకి ఇది అన్యాయం, కానీ ఒడ్డునున్న ఇళ్ళవాళ్ళ నిద్ర కోసం భరిస్తాను. విశాఖలో ఋషికొండ బీచ్‌కి వెళ్ళినప్పుడు కూడా చూశాను. టిక్కెట్టు కొన్నవాణ్ణి ముందు కూర్చోబెట్టి, వెనకనుంచి కుర్రాడు నడిపి ఓ చుట్టు తిప్పి దించేస్తాడు. దిగినవాడు "జెట్ స్కీ నడిపాను" అని ఫొటో పెడతాడు. నడిపింది ఎవరు నాయనా?

నా గోలంతా ఒక్కచోటికే వస్తుంది. మా 440లో మనిషి చేతికి అందనిది ఏదీ లేదు. నాలుగు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, ఒక కంప్రెషన్ గేజి ఉంటే నలభై ఏళ్ళ తర్వాత కూడా బతికించొచ్చు. రబ్బరు పొర అరిగితే రబ్బరు పొర వేస్తాం, సీలు పోతే సీలు కొడతాం, పిస్టన్ గీసుకుపోతే బోరు తీయించి పెద్ద సైజు వేస్తాం. ఇప్పటి బండి సంగతేమిటి? ఇంజను ఎంత గట్టిదైనా దాన్ని ఆడించేది ఒక మూసేసిన కంప్యూటరు పెట్టె. తాళంచెవిలో చిప్పు. లోపమేమిటో తెలియాలంటే డీలరు ల్యాప్‌టాప్ పెట్టి అడగాలి. తెర మీద సంఖ్య వస్తుంది, ఆ సంఖ్యకి ఒక ధర ఉంటుంది. ఆ పెట్టె తయారీ ఆగిపోయిన రోజున 300 గుర్రాల ఇంజను, మెత్తటి సీటు, స్పీకర్లు, అన్నీ నిక్షేపంగా ఉండి కూడా బండి కదలదు. మా బండి పాతబడింది. ఇవాళ్టి బండికి పాతబడే యోగం లేదు, ఒకేసారి పోతుంది.

అందుకని కొత్త బండి కొనేముందు నన్ను సలహా అడక్కండి, నా సలహా మీకు నచ్చదు. డీలరుని ఒక్క ప్రశ్న అడగండి చాలు: "ఇరవై ఏళ్ళ తర్వాత ఈ కంప్యూటరు పెట్టె దొరుకుతుందా?" దొరుకుతుందని నోటితో ఎవడైనా అంటాడు. కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెడితే నాకు ఫోను చెయ్యండి, నేనూ ఒకటి కొంటాను.